కొటేషన్ మార్కుల మధ్య ఉన్న మాట ఎవరిది?

ఈ రోజు టాపిక్ చాలా చిన్నది. మీ ఫోన్ కీబోర్డులో, అంకెలు ఉండే పేజీలో ఒక మూలన కూర్చుని ఉంటుంది. కొటేషన్ మార్కులు. స్కూల్లో తెలుగు మాస్టారు వీటిని ఉద్ధరణ చిహ్నాలు అని చెప్పి ఉంటారు. “దీనికి కూడా ఒక వీడియోనా భయ్యా?” అని మీకు అనిపించొచ్చు. ముందు ఒక మెసేజ్ చూద్దాం, ఆ తర్వాత మీరే చెప్పండి.

ఒక ఇంట్లో పెళ్లి పనులు నడుస్తున్నాయి అనుకోండి. ఫంక్షన్ హాలుకి సాయంత్రంలోపు అడ్వాన్స్ కట్టాలి. ఫ్యామిలీ గ్రూప్‌లో తమ్ముడు ఒక మెసేజ్ పెట్టాడు:

బావ నేను అడ్వాన్స్ కడతానని చెప్పాడు.

ఇప్పుడు చెప్పండి, డబ్బులు ఎవరు కడుతున్నారు? బావ కడుతున్నాడా, తమ్ముడు కడుతున్నాడా?

రెండూ కరెక్టే. బావ తన నోటితో “నేను కడతాను” అని ఉండొచ్చు. లేదా బావ ఎవరితోనో, ఈ తమ్ముడే కడతాడని చెప్పి ఉండొచ్చు. ఆ వాక్యంలో ‘నేను’ అనే మాట ఎవరిదో తెలియట్లేదు. బావ కడతాడని తమ్ముడు, తమ్ముడు కడతాడని బావ ఊరుకున్నారనుకోండి, సాయంత్రానికి హాలు వేరేవాళ్లకి వెళ్లిపోతుంది.

అదే మెసేజ్ ఇలా ఉంటే?

బావ “నేను అడ్వాన్స్ కడతాను” అని చెప్పాడు.

అయిపోయింది, డౌట్ లేదు. మార్కుల లోపల ఉన్న ‘నేను’ బావది. రెండో అర్థం కావాలంటే: బావ నా గురించి “వాడు కడతాడు” అని చెప్పాడు. ఇక్కడా డౌట్ లేదు. నాలుగు చుక్కలంత గుర్తులు పెట్టేసరికి డబ్బులు ఎవరు కట్టాలో తేలిపోయింది.

ఇంకోటి చూడండి. అక్క నిన్న ఫోన్ చేసి రేపు వస్తానని చెప్పింది. మరి బస్టాండుకి ఈ రోజు వెళ్లాలా, రేపు వెళ్లాలా? అక్క నిన్న “రేపు వస్తాను” అంటే, ఆ రేపు ఈ రోజే. బండి తాళాలు తీసుకుని బయల్దేరాల్సిందే. ‘నేను’, ‘నువ్వు’, ‘ఇక్కడ’, ‘రేపు’ లాంటి మాటలన్నీ ఇంతే. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నారో తెలిస్తేనే వాటికి అర్థం ఉంటుంది.

అసలు ఈ గొడవ ఎందుకు వస్తుందంటే, ఇంగ్లీష్ క్లాసులో డైరెక్ట్ స్పీచ్‌ని ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌గా మార్చడం గుర్తుందా? ‘ఐ’ పోయి ‘హి’ వస్తుంది, ‘విల్’ పోయి ‘వుడ్’ వస్తుంది. వాక్యం మొత్తం మారిపోతుంది కాబట్టి, మార్కులు లేకపోయినా ఇది ఎవరి మాటో తెలిసిపోతుంది. తెలుగులో కూడా పదో క్లాసులోపు ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం అని చదువుకున్నాం. కానీ మన దగ్గర అంత మార్పు ఉండదు. “బావ తాను అడ్వాన్స్ కడతానని చెప్పాడు” అనే వాక్యం చూడండి. ‘నేను’ కాస్తా ‘తాను’ అయింది. కానీ క్రియ? బావ గురించి చెప్పేటప్పుడు మామూలుగా ‘కడతాడు’ అనాలి కదా. అలా అనం. ‘కడతాను’ అలాగే ఉండిపోయింది. అంటే పరోక్షంగా చెప్పినా, బావ నోట్లోంచి వచ్చిన క్రియ అలాగే లోపల కూర్చుని ఉంటుంది. తెలుగులో ఇది తప్పు కాదు, మన భాష తీరే అంత.

మాట్లాడేటప్పుడు దీనితో ఇబ్బంది రాదు. బావ మాట చెప్పేటప్పుడు మన గొంతు మారుతుంది, చిన్న గ్యాప్ ఇస్తాం, కొందరైతే బావలాగే మొహం కూడా పెడతారు. టైప్ చేసేటప్పుడు గొంతు లేదు, మొహం లేదు. ఆ పని ఈ మార్కులు చేయాలి.

మరి పాతకాలంలో ఎలా రాశారు? తాటాకు గ్రంథాల్లో కొటేషన్ మార్కులు లేవు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా వదిలేవాళ్లు కాదు. అయినా ఎవరు మాట్లాడుతున్నారో చదివేవాళ్లకి తెలిసేది. ఎందుకంటే ‘ఇట్లనియె’ అని ఒక మాట ముందే వస్తుంది, అంటే ఇక్కడినుంచి పాత్ర మాట్లాడుతోందని అర్థం. చివర్లో ‘అని’, ‘అనిన’ లాంటివి వచ్చి తలుపు మూసేస్తాయి. ఈ గుర్తులు మనకి అచ్చు పుస్తకాలతో, ఇంగ్లీష్ చదువుతో వచ్చాయి. వాటికంటే ముందునుంచీ ఆ పని చేస్తున్నది ‘అని’.

ఇక ఈ రోజు అసలు పాయింట్‌కి వద్దాం. ఒకళ్ల మాట ఇంకొకళ్లకి చేరవేయడానికి తెలుగులో మనకి మూడు దారులున్నాయి.

ఒకటి, కొటేషన్ మార్కులు. ప్రిన్సిపాల్ గారు “రేపు కాలేజీ ఉండదు” అన్నారు. అంటే ఆయన అన్నవి సరిగ్గా ఈ మాటలే అని మీరు హామీ ఇస్తున్నారు.

రెండోది, ‘అని’ ఒక్కటే. రేపు కాలేజీ ఉండదని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. అంటే ఆయన చెప్పిన విషయం ఇది, మాటలు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. హామీ భావానికి మాత్రమే.

మూడోది, ‘అంట’. రేపు కాలేజీ ఉండదంట. అంటే నేను విన్నాను అంతే, ఎవరన్నారో కూడా నాకు తెలియదు, నా మీద భారం వేయకండి.

ఎంత బాగుందో చూడండి. ఇంగ్లీష్‌లో మూడోదానికి ‘ఐ హర్డ్’, ‘అపరెంట్లీ’ అని వేరే మాట వెతుక్కోవాలి. మనం వాక్యం చివర ‘అంట’ తగిలిస్తే చాలు. కొన్ని చోట్ల ‘అట’ అంటారు, పని ఒకటే.

ఫార్వర్డ్ మెసేజ్‌ల్లో జరిగేది ఏంటంటే, ఈ మూడోది మెల్లగా మొదటిదిగా మారిపోతుంది. వర్షాకాలంలో మీరు చూసే ఉంటారు. ముందు ఎవరో ఒకరు “రేపు స్కూళ్లకి సెలవంట” అని పెడతారు. తర్వాతి గ్రూప్‌కి వెళ్లేసరికి అది “రేపు స్కూళ్లకి సెలవని కలెక్టర్ గారు చెప్పారు” అవుతుంది. ఇంకో గ్రూప్‌లో కలెక్టర్ గారి ఫొటో పక్కన, పెద్ద అక్షరాల్లో, కొటేషన్ మార్కుల్లో “రేపు అన్ని పాఠశాలలకు సెలవు” అని కార్డు తయారవుతుంది. ఆయన ఆ మాట అననే లేదు. ఎవరూ కావాలని పెద్ద అబద్ధం ఆడినట్టు కూడా అనిపించదు. ఒకళ్లు ‘అంట’ తీసేశారు, ఇంకొకళ్లు మార్కులు తగిలించారు. అంతే. పొద్దున్నే పిల్లాడిని బడికి పంపాలా వద్దా అని ఒక అమ్మ ఆ కార్డు చూసి డిసైడ్ అవుతుంది.

పెద్ద పెద్దవాళ్ల పేర్లతో తిరిగేవాటి సంగతీ ఇంతే. ప్రపంచంలో ఏ మార్పు చూడాలనుకుంటే ఆ మార్పు మనమే కావాలి అని గాంధీజీ పేరు మీద ఒక వాక్యం చూసే ఉంటారు. టీషర్టుల మీద కూడా ఉంటుంది. ఆయన రాతల్లో, ప్రసంగాల్లో ఆ వాక్యం ఆ రూపంలో దొరకలేదు. దానికి దగ్గరగా ఉండే ఆలోచన మాత్రం 1913లో ఆయన రాసినదాంట్లో ఉంది, మనం మారితే లోకం తీరూ మారుతుందనే అర్థంలో. అందుకే దాన్ని ‘అని’తో చెప్పొచ్చు, భావం ఆయనది కాబట్టి. మార్కులు పెట్టి కింద ఆయన పేరు రాస్తే మాత్రం, ఆయన అనని మాటలు ఆయన నోట్లో పెట్టినట్టే.

“భావం కరెక్ట్‌గా ఉంటే చాలదా, మాటలతో పనేంటి?” అని మీరు అడగొచ్చు. ఈ ప్రశ్న మీద అమెరికా సుప్రీంకోర్టు దాకా ఒక కేసు వెళ్లింది. జెఫ్రీ మేసన్ అని ఒక సైకోఎనలిస్టు. ఆయన మీద జానెట్ మాల్కమ్ అనే రచయిత్రి న్యూయార్కర్ పత్రికలో 1983లో పెద్ద వ్యాసం రాశారు. ఇంటర్వ్యూల టేపులే 40 గంటలకు పైగా ఉన్నాయి. అయితే వ్యాసంలో కొటేషన్ మార్కుల మధ్య ఉన్న కొన్ని మాటలు తాను అననే లేదని మేసన్ కేసు వేశారు. 1991లో సుప్రీంకోర్టు చెప్పిన దాని సారాంశం ఇది: మాట్లాడే భాషని కాగితం మీద పెట్టేటప్పుడు చిన్న చిన్న మార్పులు సహజం, మాట మారినంత మాత్రాన అబద్ధం అయిపోదు. కానీ ఆ మార్పు వల్ల అర్థం గట్టిగా మారిపోతే, అది అబద్ధం కిందకి రావచ్చు. చివరికి 1994లో జ్యూరీ మాల్కమ్ వైపే తీర్పిచ్చింది, అది వేరే సంగతి. పదేళ్లు ఒక కేసు నడిచింది, మార్కుల మధ్య ఉన్నవి ఎవరి మాటలు అన్న ప్రశ్న మీద.

మాటలన్నీ నిజమే అయినా అర్థం చచ్చిపోవచ్చు. నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు జరిగింది చెప్తా. టీమ్ చాట్‌లో నేను రాసింది ఇది: “టెస్టింగ్‌లో కొత్త బగ్ ఏదీ రాకపోతే శుక్రవారానికి అయిపోతుంది.” మా పైన ఉన్నాయన క్లయింట్‌కి మెయిల్ పెడుతూ, నా పేరు రాసి, మార్కుల్లో “శుక్రవారానికి అయిపోతుంది” అని పెట్టారు. అందులో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ముందున్న ‘రాకపోతే’ మాత్రం ఎగిరిపోయింది. గురువారం బగ్ వచ్చింది. సోమవారం కాల్‌లో క్లయింట్ నా మాటని నాకే చదివి వినిపించారు. చాట్ తీసి మొత్తం వాక్యం చూపించాకే విషయం చల్లబడింది. మా పైనాయన మాత్రం “అర్థం ఒకటే కదా” అన్నారు. ‘అయితే’ ఉన్న మాటకీ లేని మాటకీ అర్థం ఒకటి ఎలా అవుతుందండీ?

కోడింగ్ తెలిసినవాళ్లకి ఇది ఈజీగా ఎక్కుతుంది. ప్రోగ్రామ్‌లో ప్రింట్ అని రాసి, కోట్స్ మధ్య ఏం పెడితే అదే స్క్రీన్ మీదకి వస్తుంది. స్పెల్లింగ్ తప్పున్నా కంప్యూటర్ దిద్దదు. కోట్స్ లోపలిది దానికి వేరేవాళ్ల సరుకు, ముట్టుకోదు. ఒక కోట్ మూయడం మర్చిపోతే వెంటనే ఎర్రర్ ఇస్తుంది. మనుషులు ఎర్రర్ ఇవ్వరు, తప్పుగా అర్థం చేసుకుని ముందుకి వెళ్లిపోతారు. అదే తేడా.

సరే, ఇప్పుడు రాసేటప్పుడు ఏం చేయాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, ‘అని’ ఎప్పుడూ మార్కుల బయటే. “నేను రాను” అని చెప్పాడు. ‘అని’ బావ మాట కాదు, చెప్పేవాళ్ల మాట. అలాగే ‘రానని’, ‘వస్తానని’ లాంటివి సంధి జరిగి అతుక్కుపోయిన మాటలు. వాటి మధ్యలో మార్కు మూయడం కుదరదు. మార్కులు కావాలంటే విడదీసి రాయండి, విడదీయకపోతే మార్కులు వద్దు. ఇంగ్లీష్‌లోలాగా మాట అయ్యాక కామా పెట్టాలా అంటే, వెనకాలే ‘అని’ ఉంది కాబట్టి చాలాసార్లు అవసరం పడదు.

రెండోది, ప్రశ్న గుర్తు. ప్రశ్న ఎవరిదైతే గుర్తు వాళ్ల వైపు. అమ్మ “తిన్నావా?” అని అడిగింది. ప్రశ్న అమ్మది, గుర్తు లోపల. నువ్వు నిజంగా “రాను” అన్నావా? ప్రశ్న నాది, గుర్తు బయట.

మూడోది, మర్యాద. ఇది మన భాషలో చాలా ముఖ్యం. నాన్నగారు “ఒరేయ్, ఇంకా లేవలేదా?” అన్నారు. లోపల ‘ఒరేయ్’ ఉంది, బయట ‘అన్నారు’ ఉంది. లోపలి పిలుపు నాన్నగారు నాకిచ్చింది, బయటి మర్యాద నేను ఆయనకి ఇచ్చింది. రెండూ కలపకూడదు. మర్యాదగా ఉంటుందని లోపల ‘బాబూ’ అని మార్చేస్తే, అది మా నాన్నగారి మాట కాకుండా పోతుంది.

నాలుగోది, యాస. కరీంనగర్ అమ్మమ్మ “ఏడికి పోతున్నవ్ బిడ్డా?” అంటే అలాగే రాయండి. కడప తాత “యాడికి పోతాండావ్?” అంటే అలాగే రాయండి. “ఎక్కడికి వెళుతున్నావు నాయనా?” అని దిద్ది మార్కుల్లో పెడితే, ఆ ముసలావిడ జన్మలో అనని మాట ఆవిడ పేరు మీద వేసినట్టు. పుస్తక భాషలోనే రాయాలనుకుంటే మార్కులు తీసేసి, ఎక్కడికి వెళ్తున్నానని అమ్మమ్మ అడిగింది అనండి. అందులో తప్పేం లేదు.

ఐదోది, మాటలో మాట. స్నేహితుడు చెబుతున్న దాంట్లో ఇంకొకళ్ల మాట వస్తే, బయట జంట మార్కులు, లోపల ఒంటి మార్కులు. వాడు “మా సార్ ‘ఈసారికి వదిలేస్తున్నా’ అన్నాడు” అని చెప్పాడు. తెరిచినవన్నీ మూశారో లేదో చూసుకోండి.

ఆరోది, కత్తిరింపు. పెద్ద మాటలో మధ్యలో కొంత తీసేస్తే మూడు చుక్కలు పెట్టండి. అర్థం కావడానికి మీరు ఒక మాట కలిపితే, దాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టండి. ఇంకో భాషలో అన్న మాటని తెలుగులో ఇస్తుంటే, అనువాదమని ఒక్క మాట చెప్పండి. ‘అయితే’, ‘కానీ’, ‘రాకపోతే’ లాంటి షరతులు మాత్రం కత్తిరించకండి.

ఏడోది, మార్కుల్ని బోల్డ్ లెటర్స్‌లా వాడకండి. షాపు బోర్డు మీద “తాజా” చేపలు అని రాస్తే, చదివేవాడికి అనుమానం వస్తుంది. తాజా అని వాళ్లే అంటున్నారు, నిజమో కాదో అన్నట్టు ఉంటుంది. తాజా అని నొక్కి చెప్పాలంటే అక్షరం లావుగా రాయండి చాలు.

ఇక ఫోన్ సంగతి. మార్కుల్లో రెండు రకాలు. నిలువుగా ఉండేవి, వంపు తిరిగేవి. నిలువుది టైప్‌రైటర్ కాలంది. కీలు తక్కువ కాబట్టి తెరవడానికీ మూయడానికీ ఒకటే పెట్టారు. అదే కంప్యూటర్ కోడ్‌లోకి వచ్చింది, ఆస్కీలో దాని నంబరు 34. వంపు తిరిగిన జంటకి యూనికోడ్‌లో 8220, 8221 అని వేరు వేరు నంబర్లు. ఆండ్రాయిడ్‌లో జీబోర్డ్ వాడేవాళ్లు మార్కు కీని కాసేపు నొక్కి పట్టుకుంటే వంపువి కనిపిస్తాయి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, కీబోర్డ్‌లో స్మార్ట్ పంక్చుయేషన్ ఆన్‌లో ఉంటే అదే మార్చేస్తుంది. మెసేజ్‌కి ఏదైనా ఓకే, కానీ ఒకే రచనలో ఒకే రకం వాడండి. కోడ్‌లో మాత్రం నిలువువే. నోట్స్‌లోంచి కాపీ చేసిన వంపు మార్కులతో రన్ చేసి, ఎర్రర్ ఎక్కడుందో తెలియక అరగంట కూర్చున్న జూనియర్లని చాలామందిని చూశాను.

ఇంకో చిన్న చిట్కా. వాట్సాప్‌లో ఒకళ్ల మాటకి జవాబు ఇవ్వాలంటే, ఆ మాటని మళ్లీ టైప్ చేయకండి. మెసేజ్‌ని కుడివైపు లాగితే అదే మీ జవాబు పైన వచ్చి కూర్చుంటుంది. వాళ్ల మాట వాళ్లదిగానే ఉంటుంది.

ఇవన్నీ గుర్తుండకపోయినా పర్లేదు. మార్కు కీ మీద వేలు పెట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఆ మనిషి వచ్చి పక్కన నిలబడితే, ఇవి నా మాటలే అంటాడా? అంటాడు అనిపిస్తే మార్కులు పెట్టేయండి. భావం మాత్రమే గుర్తుంటే ‘అని’ రాయండి. ఎవరన్నారో కూడా తెలియకపోతే ‘అంట’ అనండి, సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. తెలియనిది తెలియనట్టు చెప్పడానికే మన భాష ఆ మాటని ఇచ్చింది.

ఈ వారం ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఈ రోజు అన్న ఒక్క మాట, వాళ్ల యాసలో, వాళ్ల పిలుపుతో, ఒక్క అక్షరం దిద్దకుండా మార్కుల మధ్య టైప్ చేసి, తేదీ వేసి ఫోన్‌లో దాచుకోండి. పదేళ్ల తర్వాత ఫొటో చూస్తే మొహం కనిపిస్తుంది. ఇది చదివితే గొంతు వినిపిస్తుంది. ఉంటానండీ, వచ్చే వారం కలుద్దాం.